ఒకప్పుడు నైస్ అంటే తెలివితక్కువవాడు

ఇప్పుడు మీరు వింటున్నది ప్రసారం. ఇంగ్లీషులో దీన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఈ మాట పుట్టింది స్టూడియోలో కాదు, పొలంలో. రైతు ఒడిలో గింజలు పోసుకుని, దుక్కి మీద నడుస్తూ, గుప్పెడు గుప్పెడు తీసి, చేయి చాచి అటూ ఇటూ వెదజల్లుతాడు చూడండి. ఆ చల్లడానికి పేరు బ్రాడ్‌కాస్ట్. బ్రాడ్ అంటే వెడల్పు. కాస్ట్ అంటే విసరడం. గొర్రు కట్టి సాలు వెంట విత్తితే అది వేరే పద్ధతి. చేత్తో చల్లితేనే బ్రాడ్‌కాస్ట్. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ మాట చెవిన పడితే ఎవరికైనా గింజలే గుర్తొచ్చేవి. తర్వాత 1920ల్లో రేడియో ప్రసారాలు ఊపందుకున్నాయి. గాలిలోకి వదిలిన మాట ఏ ఇంట్లో పడుతుందో, ఎవరి మనసులో మొలుస్తుందో వదిలినవాడికి తెలియదు. గింజ సంగతీ అంతే కదా. అందుకే పొలంలో మాట రేడియోకి సరిగ్గా అతికింది. 1922లో లండనులో బీబీసీ పుట్టినప్పుడు ఆ పేరులోని రెండో బి ఈ మాటే. 1927లో బొంబాయిలో మన దేశపు మొదటి పెద్ద రేడియో కంపెనీ పెట్టినప్పుడు దాని పేరులోనూ ఇదే మాట. చిత్రమేమిటంటే, వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్లు చేత్తో విత్తనం చల్లడాన్ని ఇవాళ్టికీ ఇంగ్లీషులో బ్రాడ్‌కాస్ట్ అనే అంటారు. పాత అర్థం చావలేదు. పొలంలోనే ఉండిపోయింది. కొత్త అర్థం పట్నం వచ్చి పేరు తెచ్చుకుంది.

మాటకు పుట్టినప్పుడు ఏ అర్థం ఉందో అదే అసలైన అర్థమనీ, తర్వాత వచ్చినవన్నీ పెడదారులనీ మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లలో ఈ నమ్మకం ఇంకా గట్టిగా ఉంటుంది. అది నిలవదని నా వాదన. మాట అర్థం దాని పుట్టుకలో లేదు. దాన్ని వాడుకునే జనం తమలో తాము చేసుకున్న ఒప్పందంలో ఉంది. మళ్లీ చెబుతాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి చదువుకునే వీలు లేదు. అర్థం పుట్టుకలో లేదు, ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందం కాగితం మీద రాసుకున్నది కాదు. ఎవరూ సంతకం పెట్టరు. అందుకే అది ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియదు. మారిపోయాక మాత్రమే తెలుస్తుంది.

సిల్లీ అనే మాట తీసుకోండి. తెలుగులో కూడా పిల్లలు రోజుకు పదిసార్లు అంటారు, సిల్లీగా మాట్లాడకు అని. తెలివిలేని, అల్పమైన, నవ్వొచ్చే పని సిల్లీ. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం ధన్యుడు. దేవుడి దీవెన ఉన్నవాడు. ఆ రెండు అర్థాలకూ మధ్య ఎంత దూరమో చూడండి. కానీ ఎక్కడా ఒక్కసారిగా దూకలేదు. మెట్టు మెట్టుగా దిగింది. దేవుడి దీవెన ఉన్నవాడు పాపం ఎరుగనివాడు. పాపం ఎరుగనివాడు లోకం తీరు తెలియనివాడు. లోకం తీరు తెలియనివాణ్ణి నలుగురూ మోసం చేస్తారు కనుక జాలిపడాల్సినవాడు. జాలిపడాల్సినవాడు బలహీనుడు. చివరికి తెలివితక్కువవాడు. ఏ మెట్టు దగ్గరా తండ్రి మాట కొడుక్కి అర్థం కాకుండా పోలేదు. ప్రతి తరమూ ముందు తరానికి ఒక్క జానెడు పక్కన నిలబడింది, అంతే. ఇది ఇంగ్లీషువాళ్ల వింత అనుకోకండి. మన అమాయకుడు ఇదే దారిలో నడుస్తున్నాడు. అక్షరార్థం చూస్తే మాయ లేనివాడు, కపటం ఎరుగనివాడు. ఎంత గొప్ప మాట! మరి పెళ్లి సంబంధాల దగ్గర, అబ్బాయి మరీ అమాయకుడండీ అన్నారంటే, అది పొగడ్తో హెచ్చరికో గొంతును బట్టి తేల్చుకోవాల్సిందే. ఇంకో పోలిక కూడా ఉంది. ఇంగ్లీషుకు దాయాది అయిన జర్మన్ భాషలో సిల్లీకి తోబుట్టువైన మాట ఇవాళ్టికీ ధన్యమైన అనే అర్థంలోనే ఉంది. మనకూ అలాంటిదే జరిగింది. కంపు అంటే పాత తెలుగులో సువాసనకూ చెల్లేది. పక్కనున్న కన్నడంలో కంపు అంటే ఇప్పటికీ పరిమళమే. మనం మాత్రం ముక్కు మూసుకుంటాం. ఒకే మాట. రెండు ఇళ్లలో రెండు బతుకులు.

సిల్లీ కిందికి దిగితే నైస్ పైకెక్కింది. నైస్‌కు మూలం లాటిన్‌లో తెలియనివాడు అనే మాట. ఫ్రెంచి గుండా సుమారు 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి అర్థం బుద్ధిహీనుడు. ఆ రోజుల్లో ఒకరిని నైస్ అంటే తిట్టినట్టు. తర్వాత అది ప్రతిదానికీ వంక పెట్టేవాడు, సుకుమారి అనే వైపు జరిగింది. ప్రతిదానికీ వంక పెట్టేవాడు చిన్న చిన్న తేడాలు కనిపెడతాడు కదా. అందుకని సునిశితమైన, సూక్ష్మమైన అనే అర్థం వచ్చింది. సూక్ష్మంగా చూసేవాడిది మంచి అభిరుచి. మంచి అభిరుచి అందరికీ ఇష్టం. అలా అలా 18వ శతాబ్దానికి నైస్ అంటే బాగుంది అయింది. అప్పుడూ అడ్డుపడినవాళ్లు ఉన్నారు. జేన్ ఆస్టిన్ రాసిన నార్తాంగర్ అబీ నవల 1817 చివర్లో వచ్చింది. అందులో హెన్రీ టిల్నీ అనే యువకుడు, ఒక పుస్తకాన్ని నైస్ అన్నందుకు కథానాయికను ఆటపట్టిస్తాడు. ఇవాళ రోజు నైస్, మన నడక నైస్, మీరిద్దరూ చాలా నైస్, అన్నిటికీ ఈ ఒక్క మాటేనా అని ఎత్తిపొడుస్తాడు. అతను చెప్పింది తప్పు కాదు. ఆ మాట అరిగిపోతోందని అతని చెవి సరిగ్గానే పట్టింది. కానీ రెండు వందల ఏళ్ల తర్వాత ఫోనులో వచ్చిన ఫొటో కింద మనం పెట్టే వ్యాఖ్య ఏమిటి? నైస్. హెన్రీ టిల్నీ ఓడిపోయాడు. గెలిచింది ఎవరో ఒక్కరు కాదు. మాట్లాడుకునే జనం.

ఇవన్నీ ఎలా తెలిశాయి, ఎవరైనా చూశారా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. 1857లో లండనులో భాషాప్రియుల సంఘం ఒకటి, ఇంగ్లీషుకు ఇప్పటిదాకా సరైన నిఘంటువు లేదని తేల్చింది. మాటకు అర్థం చెప్పి ఊరుకోవడం కాదు, ఆ మాట ఏ ఏడాది ఏ పుస్తకంలో ఎలా వాడారో సాక్ష్యంతో సహా చూపాలని నిశ్చయించుకుంది. అదే తర్వాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అయింది. జేమ్స్ మరే అనే బడిపంతులు 1879లో సంపాదకత్వం తలకెత్తుకున్నాడు. పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని అందులో కూర్చున్నాడు. ఊరూరా ఉన్న పాఠకులు పాత పుస్తకాలు చదివి, కనిపించిన వాక్యాన్ని చీటీ మీద రాసి, తేదీ వేసి ఆయనకు పంపేవారు. లక్షల కొద్దీ చీటీలు. ఆ షెడ్డు నిండా గూళ్లు, గూళ్ల నిండా చీటీలు. ఆయన పనిలోనే కన్నుమూశాడు. నిఘంటువు 1928లో పూర్తయింది. ఆ చీటీలను తేదీల వరసలో పేరిస్తే మాట నడక కళ్లకు కడుతుంది. అర్థాలు మెట్టు మెట్టుగా కదులుతాయని చెప్పడానికి సాక్ష్యం అది. అది ఊహ కాదు, చీటీల లెక్క.

మాట నడక ఎటు పోతుందన్నది చాలాసార్లు సమాజం నిర్ణయిస్తుంది. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ఒక జంట. నైట్, నేవ్. నైట్ అంటే రాత్రి కాదు. గుర్రమెక్కి కత్తి పట్టిన వీరుడు. రాతలో ముందు కె అక్షరం ఉంటుంది, పలుకులో ఉండదు. వెయ్యేళ్ల కిందట ఆ కె ని కూడా పలికేవారు. నేవ్‌కు కూడా ముందు అదే మూగ కె. నేవ్ అంటే మోసగాడు, తుంటరి. ఈ రెండు మాటలూ పాత ఇంగ్లీషులో ఒక్కదాన్నే చెప్పేవి. కుర్రాడు. అంతే. ఆ కాలంలో కుర్రాళ్లు పెద్దింట్లో కొలువుకు చేరేవారు. కొందరు రాజు వెంట యుద్ధానికి వెళ్లారు. వాళ్లను పిలిచిన మాట రాజుతో పాటు పైకెక్కి బిరుదైంది. ఇప్పటికీ బ్రిటిష్ రాజు ఒకరికి సర్ బిరుదు ఇస్తే అతన్ని నైట్ చేసినట్టు లెక్క. రెండో మాట వంటింట్లో, పశువుల కొట్టంలో పనిచేసే కుర్రాళ్లకు అంటుకుంది. పనివాడు అయ్యాడు. పనివాడు కనుక దొంగబుద్ధి ఉంటుందని యజమానులు అనుకున్నారు. ఆ అనుమానమే చివరికి మాటకు అర్థమైంది. పేకాటలో మనం జాకీ అనే ముక్కను ఇంగ్లండులో నేవ్ అనేవారు. రాజు, రాణి, ఆ కింద నౌకరు. మన భాషాశాస్త్రం పుస్తకాలు వీటికి అర్థోత్కర్ష, అర్థాపకర్ష అని పేర్లు పెట్టాయి. పేర్లు పరీక్షకు పనికొస్తాయి. కానీ ఇక్కడ ఎక్కింది, దిగింది మాట కాదని నాకనిపిస్తుంది. యజమాని చూపు. విలన్ కథా ఇంతే. మొదట ఆ మాటకు అర్థం జమీందారు భూమిలో పనిచేసే పల్లెటూరి మనిషి. అతను ఏ నేరం చేశాడని ప్రతినాయకుడయ్యాడు? పేదవాడిగా పుట్టడమే.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, మూలార్థమే ప్రామాణికం అనే వాదన. ఇది వినడానికి గంభీరంగా ఉంటుంది. కానీ దాన్ని నిజంగా పాటిస్తే ఏమవుతుంది? క్లౌడ్ అనే మాటకు పాత ఇంగ్లీషులో అర్థం బండరాయి, కొండ. ఆకాశంలో కొండల్లా పేరుకున్న మేఘాలను చూసి ఎవరో ఆ మాట వాడారు, అది నిలిచింది. స్కై అనే మాట స్కాండినేవియా నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం మేఘం. మూలార్థమే పట్టుకుంటే ఆకాశం మేఘం కావాలి, మేఘం బండరాయి కావాలి. ఇక హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పిల్లలు మా ఫైళ్లు క్లౌడ్‌లో ఉన్నాయంటే, ఏ రాతి కింద దాచారో అని వెతకాలి. తెలుగులోకి రండి. నూనె అంటే మొదట నువ్వుల నుంచి తీసినదే. మూలార్థం ప్రకారం కొబ్బరినూనె అనకూడదు, వేరుశనగ నూనె అసలే అనకూడదు. చెంబు అంటే రాగి. మరి స్టీలు చెంబు ఏమిటి? మూలార్థవాదులు కూడా స్టీలు చెంబుతోనే నీళ్లు తాగుతారు. ఇంకో చిక్కు ఉంది. మూలం అంటే ఎక్కడ ఆగాలి? ఇంగ్లీషు దగ్గరా, ఫ్రెంచి దగ్గరా, లాటిన్ దగ్గరా? ప్రతి మూలానికీ వెనక మరో మూలం ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆగి ఇదే అసలు అంటే, అది మాట చెప్పిన నిజం కాదు, ఆగినవాడి ఇష్టం.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. జనం వాడిందే అర్థమైతే ఇక తప్పు అనేదే ఉండదు కదా, ఎవడికి తోచినట్టు వాడు మాట్లాడవచ్చు కదా అంటారు. లూయిస్ కరోల్ 1871లో రాసిన త్రూ ది లుకింగ్ గ్లాస్ కథలో హంప్టీ డంప్టీ అనే గుడ్డుమనిషి ఇదే అంటాడు. నేను మాట వాడితే దానికి నేను ఎంచుకున్న అర్థమే ఉంటుందని దబాయిస్తాడు. కథానాయిక ఆలిస్‌కు అతని మాట అర్థం కాదు. కాదు కూడా. ఎందుకంటే ఒప్పందానికి కనీసం ఇద్దరు కావాలి. ఒక్కడు మారిస్తే తప్పు. ఊరంతా మారిస్తే భాష. ఈ తేడా చిన్నది కాదు. ఒక్కడి తప్పు మర్నాటికి చచ్చిపోతుంది. ఊరంతా చేసిన మార్పుకు వెనక ఏదో అవసరం ఉంటుంది. ఇంగ్లీషు ప్రేమికులు ఈమధ్య తరచూ బాధపడే మాట లిటరలీ. అక్షరాలా అని దాని అర్థం. నవ్వి నవ్వి లిటరలీ చచ్చిపోయాను అంటున్నారు, బతికే ఉన్నారు కదా అని వాళ్ల కోపం. కోపం న్యాయమే. కానీ అదే మనిషి ఆ కోపాన్ని చెబుతూ ఇది వెరీ బ్యాడ్ అంటాడు. వెరీ అంటే ఏమిటి? పాత ఫ్రెంచిలో అది నిజమైన అనే మాట. నిజం అని చెప్పడానికి వచ్చిన మాట, వత్తి చెప్పడానికి వాడి వాడి, చివరికి చాలా అనే అర్థంలో స్థిరపడింది. రియల్లీ కూడా అంతే. మనిషికి తన మాట ఎదుటివాడు నమ్మడేమో అని ఎప్పుడూ బెంగ. అందుకని నిజం నిజం అంటాడు. ఆ నిజం అరిగిపోతే ఇంకో నిజాన్ని వెతుక్కుంటాడు. లిటరలీ ఆ వరుసలో నిలబడ్డ తాజా మాట. తెలుగు సినిమా అభిమానులు హీరో నటన అరాచకం అంటే, వసూళ్ల ఊచకోత అంటే ఎవరూ పోలీసులకు ఫోను చేయరు. ఆఫుల్ అనే మాట కూడా ఒకప్పుడు దైవభీతి కలిగించేంత గొప్పది. ఇప్పుడు చల్లారిపోయిన కాఫీకి వాడుతున్నారు.

భాషను కట్టేసి ఉంచాలని గట్టిగా ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. జొనాథన్ స్విఫ్ట్ 1712లో, ఇంగ్లీషును సరిదిద్ది ఇక మారకుండా నిలబెట్టే పండితుల సభ ఒకటి కావాలని మంత్రికి లేఖ రాశాడు. సభ ఏర్పడలేదు. సామ్యూల్ జాన్సన్ 1747లో నిఘంటువు ప్రణాళిక ప్రకటించినప్పుడు తనకూ అలాంటి ఆశే ఉండేది. ఏళ్ల తరబడి మాటలతో కాపురం చేసి, 1755లో నిఘంటువు అచ్చు వేసేటప్పుడు ముందుమాటలో తన ఆశను తానే వెనక్కి తీసుకున్నాడు. మనుషులు ముసలివాళ్లై చనిపోవడాన్ని ఆపే మందు లేనట్టే, మాటలు మారకుండా ఆపే నిఘంటుకారుడూ లేడని ఒప్పుకున్నాడు. నాకు ఆ ముందుమాటలో ఓటమి కనిపించదు. పనిచేసినవాడికి తెలిసిన సంగతి కనిపిస్తుంది.

మూడో అభ్యంతరం మాత్రం నేను తేలిగ్గా తోసేయలేను. అర్థాలు ఇలా జరిగిపోతుంటే పాత పుస్తకాల గతేమిటి? ఇక్కడ ప్రమాదం ఉంది. అది మనం అనుకునే చోట లేదు. తెలియని మాట ఎదురైతే మనం ఆగుతాం, నిఘంటువు తీస్తాం. తెలిసిన మాట ఎదురైతే ఆగం. తెలుసనుకుని ముందుకు పోతాం. తప్పు అక్కడే జరుగుతుంది. తెలియని మాట మోసం చేయదు, తెలిసిన మాటే చేస్తుంది. షేక్‌స్పియర్ రాసిన వెనిస్ వర్తకుడు నాటకం చివర్లో నాయిక పోర్షియా, చీకట్లో దూరంగా వెలుగుతున్న చిన్న దీపాన్ని చూసి లోకాన్ని నాటీ అంటుంది. ఇప్పటి నాటీ అంటే అల్లరి. కాలేజీలో చదువుకునే తెలుగు కుర్రాడు అల్లరి లోకం అని అర్థం చేసుకుని ముందుకు పోతాడు. షేక్‌స్పియర్ నాటికి అది చెడ్డ, దుర్మార్గమైన అనే బరువైన మాట. ఆ బరువు తెలియకపోతే చిన్న దీపానికి అంత విలువ ఎందుకో అర్థం కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మీట్ అన్నచోటల్లా మాంసం కాదు, మామూలు తిండి. మిఠాయిని ఇంగ్లీషులో స్వీట్‌మీట్ అంటారు. అందులో మాంసం ఏదీ? పాత అర్థం ఆ మిఠాయిలో దాక్కుంది. మన పాస్‌పోర్టులో కూడా ఒకటి దాక్కుంది. మొదట్లో రాష్ట్రపతి పేరున ఒక విన్నపం అచ్చు వేసి ఉంటుంది. ఈ మనిషిని లెట్ లేకుండా, ఆటంకం లేకుండా పోనివ్వండి అని దాని సారం. లెట్ అంటే అనుమతించు కదా, అనుమతి లేకుండా పోనివ్వడమేమిటి? ఆ లెట్ వేరు. దాని అర్థం అడ్డగింత. ఇంగ్లీషులో ఒకప్పుడు రెండు వేరువేరు మాటలుండేవి, ఒకటి పోనివ్వడానికి, ఒకటి ఆపడానికి. కాలక్రమంలో రెండింటి ఉచ్చారణా ఒకటైపోయింది. ఆపమన్నా లెట్, వదలమన్నా లెట్ అయితే సంసారం నడవదు. ఒకటి వాడుక నుంచి తప్పుకుంది. చట్టం భాష మాత్రం దాన్ని భద్రంగా దాచుకుంది. శంషాబాదు విమానాశ్రయంలో వరుసలో నిల్చున్న వేలమంది చేతుల్లో ఆ పాత మాట రోజూ సముద్రాలు దాటుతోంది. కాబట్టి పాత పుస్తకాలు చదివేటప్పుడు జాగ్రత్త కావాలి, టీకా కావాలి, ఒప్పుకుంటాను. కానీ దానికి మందు ఇప్పటి మాటను ఆపడం కాదు. అప్పటి మాటను నేర్చుకోవడం.

ఒకటి చెప్పి ముగిస్తాను. ఇంగ్లీషు మాటల ఒప్పందం ఇంగ్లండులోనే జరగాలని రూలు లేదు. కంపెనీ పాలనలో 1772లో కలెక్టరు అనే ఉద్యోగం పెట్టారు. శిస్తు కలెక్ట్ చేసేవాడు కలెక్టరు. ఇవాళ వరదొస్తే కలెక్టరు, ఎన్నికలొస్తే కలెక్టరు, మా అమ్మాయి కలెక్టరు కావాలి అనే తల్లి మనసులో శిస్తు ఊసే లేదు. ఇంగ్లండులో కలెక్టరంటే తపాలా బిళ్లలు పోగేసేవాడు గుర్తుకు రావచ్చు. హోటలు అంటే అక్కడ రాత్రి పడుకునే చోటు. మనకు భోంచేసే చోటు. ఇక టిఫిన్. చిన్న గుక్క తాగడానికి ఇంగ్లీషు వీధి వాడుకలో ఉన్న ఒక మాట నుంచి వచ్చిందంటారు. మన దేశంలో కాపురమున్న దొరలకు అది మధ్యాహ్నపు చిరుతిండి అయింది. దొరలు వెళ్లిపోయారు. ఇంగ్లండులో ఆ మాట ఇంచుమించు మరుగున పడింది. మన దగ్గర అది ఇడ్లీ అయింది, పెసరట్టు అయింది, పొద్దున్నే పొగలు కక్కే బండి అయింది. తర్వాత మనవాళ్లు అమెరికా వెళ్లారు. అక్కడ హోటళ్లు పెట్టి, ఇంగ్లీషు అక్షరాలతో బోర్డు మీద టిఫిన్స్ అని రాశారు. ఆ బోర్డు చూసి లోపలికి వచ్చిన అమెరికా మనిషికి ఈ మాట ఇంగ్లీషుదని తెలియదు. అతనికి టిఫిన్ అంటే ఇడ్లీ, సాంబారు.